ఆలుగడ్డ కూలి

కుంచంలో జొన్నలు పోస్తే గింజకు గింజ ఒదిగి నిండుతాయి. అదే కుంచంలో ఆలుగడ్డలు పోస్తే పైకి నిండుగా కనిపిస్తాయి గాని లోపల సగం గాలే. ఈ సంగతి భూపాలరావు దొరకు తెలియక కాదు. తెలిసే ఆ మాఘమాసంలో కళ్లం మీద ఆలుగడ్డలతో కూలి కొలిపించాడు.

అది అరవై ఆరో సంవత్సరం. వానలు మొహం చాటేయడంతో ఆలేరు చుట్టుపక్కల ఊళ్లలో జొన్నచేలు మోకాలెత్తులోనే ఎండిపోయాయి. గుట్టకిందిగూడెంలో దొర బావికి ఆయిలింజను ఉంది కాబట్టి దొర జొన్న ఒక్కటే పండింది. ఆ జొన్న కోసి, కట్టలు మోసి, కంకులు కొట్టి, తూర్పారబట్టింది వాడ జనం. ఏడాది పొడుగునా దొర పొలంలో చేసిన చాకిరీకి పంట రాగానే కళ్లం మీదే జొన్నలు కొలిచి ఇవ్వడం తాతల నాటి పద్ధతి. ఎండాకాలం పనులు ఉండవు. అప్పుడు వాడకు గటకైనా అంబలైనా ఆ గింజలే. అవి లేకపోతే పొయ్యి వెలగదు.

ఉప్పలమ్మ గోనెసంచి పరుచుకుని ముందు వరుసలో కూర్చుంది. పక్కన పెనిమిటి మైసయ్య, వెనక ఎదిగిన కొడుకు ఎల్లస్వామి. కుంచం పట్టినవాడు ఆమె తోడబుట్టిన తమ్ముడు గోపయ్య, దొర దగ్గర జీతగాడు. గోపయ్య అలవాటు చొప్పున జొన్నరాశి వైపు అడుగు వేయబోతే దొర కొడుకు చిన్నదొర చేయి అడ్డం పెట్టాడు.

"గటు కాదురా. గిటు."

గిటు అన్న వైపు ఆలుగడ్డల కుప్ప ఉంది. హైదరాబాదులో వ్యవసాయం చదివొచ్చిన చిన్నదొర, విత్తనం తెప్పించి ఇంజను నీళ్ల కింద మోజుపడి వేయించిన పంట అది. పండడం బాగానే పండింది. తీరా అమ్మబోతే పట్నం మార్కెట్లో ఉత్తరాది గడ్డలు రైళ్లకు రైళ్లు దిగి ఉన్నాయి, వీటిని ముట్టుకున్న షావుకారు లేడు. అమ్ముడుపోని సరుకును ఏం చేయాలో తండ్రికి తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. వద్దనే దిక్కులేని జనం ఊళ్లోనే ఉన్నారు కదా.

"ఏందిరా, గట్ల పామును జూసినట్టు జూస్తరు?" చిన్నదొర నవ్వాడు. "దునియ దునియంత గిది తినే బతుకుతాంది. సముద్రాల అవుతల రాజులు తమ తోటల్ల ఏయించి మరీ రైతుల చేత తినిపించిన్రు. గోధుమలు ఎండినప్పుడు గిదే జనాన్ని కాపాడింది. జర్మనీల గిదే, పోలండుల గిదే. మీ సంగపోళ్లు పొద్దుకు లేస్తె రష్యా రష్యా అని జపం జేస్తరు గద, ఆడ గూడ గిదే తింటరు!"

ఆ మాటల్లో అబద్ధం లేదు. కానీ అతను చెప్పింది సగమే. మిగతా సగం వాడకు తెలిసేసరికి ఒక మనిషి పోవలసి వచ్చింది.

"మరి జొన్నలేమాయె చిన్నదొరా?" అని అడిగింది ఉప్పలమ్మ.

మంచం మీద కూర్చున్న పెద్దదొర భూపాలరావు, కోటలాంటి తన ఇంటి వైపు చేతికర్ర చూపిస్తూ బదులిచ్చాడు. "జొన్నలు గడిల ఉంటయ్. ఎండకాలం ధరొస్తది. నీకెందుకే గా ఫికర్?"

ముసలి భిక్షం లేచి చేతులు జోడించాడు. "నీ బాంచెన్ దొరా, గీ గడ్డ మాకు ఎరుక లేదు. నాకు నా జొన్నలే ఇప్పియ్యి."

దొర చేతికర్ర ముసలాయన భుజం మీద పడింది. రెండో దెబ్బకు ఆయన కూలబడ్డాడు.

"ఎరుక జేసుకో" అన్నాడు దొర.

కళ్లం చుట్టూ అంతమంది కూర్చున్నారు. ఒక్కొక్కరే సంచులు ముందుకు జరిపారు. ఉప్పలమ్మ కూడా జరిపింది. సంచి నోరు తెరిచి పట్టుకుంది, తమ్ముడు తల వంచుకుని గడ్డలు కుమ్మరించాడు.

ఆ సాయంత్రం ప్రతి ఇంటా గడ్డలు ఉడికాయి. నిజం చెప్పుకోవాలంటే రుచిగానే ఉన్నాయి. పిల్లలు ఉప్పు అద్దుకుని ఎగబడి తిన్నారు. ఆలేరు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చిన కమ్యూనిస్టు సంగం దశరథం కూడా ఒకటి ఒలుచుకుంటూ భిక్షం ఇంటి ముందు కూర్చున్నాడు. రజాకార్ల కాలంలో తుపాకీ పట్టి, తర్వాత జైలుకు పోయి వచ్చిన మనిషి. ఇప్పుడు తుపాకీ లేదు, కాగితాల సంచి ఉంది.

"గడ్డ తప్పేం లేదు" అన్నాడు దశరథం. "ఏడనో సముద్రాల అవుతల పెద్ద పెద్ద మంచుకొండలున్నయ్. మనసొంటి పేదోళ్లే ఆడ దీన్ని మొదలు పండించిన్రు. మంచుల ఎండబెట్టి ఏండ్లకేండ్లు దాసుకున్నరు. గంతల తెల్లోళ్లు పోయి వాళ్ల రాజ్జెం గుంజుకున్నరు. జనాన్ని పట్టుకపోయి వెండి గనుల్లకు తోలిన్రు. లోపలికి దిగినోళ్లకు గీ గడ్డలే కూడు. వెండి ఓడలెక్కింది, దిగినోళ్లు ఆన్నే మట్టయిన్రు."

"గట్లయితె గిది మన సుట్టమే గద!" అన్నాడు మైసయ్య.

అందరూ నవ్వారు, దెబ్బల భుజం పట్టుకుని భిక్షం కూడా. దశరథం తహసీల్దారుకు దరఖాస్తు రాద్దామన్నాడు. ఉప్పలమ్మకు ఒళ్లు మండింది.

"తాసీల్దారు ఊరికొస్తె ఏడ తింటడు దశరథం? గడిలనే గద. తిన్న నోటితోని దొరను ఏమంటడు?"

"కానూను ప్రకారం పోవాలె అక్కా."

"పో మరి. వేలిముద్ర ఏస్త. ఆకలైతె కానూను పెడుతదా బుక్కెడు బువ్వ?"

అయినా వేలిముద్ర వేసింది. దరఖాస్తు వెళ్లింది, మళ్లీ దాని ఊసు లేదు.

ఇక గడ్డలు దాచాలి. వాడ మధ్యలో పాతర ఉంది, నిలువెత్తుకు మించిన గుంత. ఏటా కూలి జొన్నలు అందులో పోసి, గడ్డి కప్పి, పైన మట్టి మెత్తి మూసేస్తారు. తిండికి కటకటలాడే రోజుల్లో తీస్తారు. పాతర పనిలో మైసయ్యది అందె వేసిన చేయి. గోడలకు జొన్నచొప్ప దట్టంగా పేర్చి, అడుగున ఊక పోసి, ఇంటింటి గడ్డలు ఆరబెట్టించి మరీ నింపాడు. ఎక్కడా వేలు పట్టే సందు లేకుండా మట్టి మెత్తాడు. జొన్నలకు ఎంత భద్రం చేస్తాడో గడ్డలకు అంతకు రెట్టింపు చేశాడు. కొత్త పంట గదా, పైలంగా ఉండాలనుకున్నాడు.

జొన్నకు గాలి ఆడకపోతే మేలు. ఆలుగడ్డకు గాలి ఆడకపోతే చావు. ఈ ముక్క చదువుకున్న చిన్నదొరకు తెలుసు. వాడ ముందు నుంచి వెళ్తూ పాతర నింపడం చూశాడు కూడా. అడగని వాళ్లకు చెప్పడం అతనికి అలవాటు లేదు.

ఉగాది దాటింది. చేలలో పని లేదు. అటు జొన్న ధర ఎండతో పాటే ఎక్కుతోంది. వాడలో పొయ్యి మీద పెట్టడానికి ఏమీ మిగలని ఒక పొద్దున మైసయ్య పాతర మూత తీశాడు.

గుప్పున వచ్చిన వాసనకు ఆడవాళ్లు కొంగులు మూతికి అడ్డం పెట్టుకున్నారు. మైసయ్య బెదరలేదు. జొన్నల్లోనైనా పైవరుస నల్లబడుతుంది, గోడ పక్కవి ముక్కిపోతాయి, నడుమ ఉన్నవి బంగారంలా ఉంటాయి. ఇన్నేళ్లుగా చూస్తున్నదే. గాలి ఆడాలని ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆగాడు, అది కూడా జొన్నల లెక్కే.

"అయ్యో, గింత కంపు ఎన్నడన్న వచ్చిందా?" అంది ఉప్పలమ్మ. "రేపు దిగరాదు?"

"రేపటిదాంక పోరలు ఏం తినాలె? పైయి తీసి పారేస్త, అడుగున మంచిగుంటయ్" అంటూ గంప తీసుకుని తాడు పట్టుకుని దిగాడు.

లోపల నుంచి ఒక దగ్గు వినిపించింది. తాడు ఒకసారి గట్టిగా కదిలి ఆగిపోయింది.

"నాయినా!" ఎల్లస్వామి పాతర అంచుకు ఉరికాడు. దూకబోతున్న కొడుకును ఉప్పలమ్మ నడుము పట్టుకుని వెనక్కు గుంజి నేల మీద పడేసింది. లేవబోతే ఛాతీ మీద కూర్చుంది. వాడు కొట్టాడు, గింజుకున్నాడు, ఏడ్చాడు. "నన్ను ఇడువు! నాయిన సచ్చిపోతాండే!"

"పోయిండు కొడుకా. లోపటి పాడుగాలి పట్టింది. నువ్వు దిగితె నువ్వు గూడ పోతవ్."

ఆమె వదల్లేదు. భర్త ఇంకా బతికే ఉన్నాడేమో, తాను పట్టుకున్న ఈ క్షణంలోనే పోతున్నాడేమో అనుకుంటూనే పట్టు బిగించింది. బావిలో పడ్డ బొక్కెనలు తీసే పాతాళగరిగె తెచ్చి, గోపయ్యా మిగతావాళ్లూ కలిసి మైసయ్యను పైకి లాగేసరికి పొద్దు వాలింది. గడ్డలన్నీ నల్లటి ముద్ద. ఒక్కటి కూడా తినడానికి పనికి రాలేదు.

చిన్నదొర వచ్చి ముక్కుకు రుమాలు పెట్టుకుని గుంతలోకి చూశాడు. "ఆలుగడ్డను ఎవడన్న పాతరేస్తడా? మనుషులా, పశువులా మీరు?" అన్నాడు. దినాలకని గడి నుంచి జొన్నల మూట ఒకటి పంపించారు. వాడంతా సిగ్గుతో తల వంచుకుంది. తిండి పోయింది, మనిషి పోయాడు, పైగా బుద్ధి తక్కువతనం కూడా తమదేనన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఉప్పలమ్మకు ఏడుపు కూడా రాలేదు.

మట్టి చేసి వచ్చాక మైసయ్య చెల్లెలు జానమ్మ నోరు విప్పింది. ఆమె నల్లగొండ వైపు ఒక మిషను దవాఖానలో ఆయా. అన్న పోయాడని కబురు అంది వచ్చింది.

"గిది మన బుద్ధితక్కువ గాదు వదినె" అంది జానమ్మ. "మా దవాఖానల ఒక ముసలి సిస్టరున్నది. ఐర్లాండు దేశపామె. ఆమె అమ్మమ్మ చిన్నపిల్లగున్నప్పుడు ఆడ గూడ గిట్లనే అయిందట."

చుట్టూ కూర్చున్న వాళ్లు తలలెత్తారు.

"గా దేశంల భూములన్ని దొరలయి. పేదోళ్లు గోధుమలు పండించేది, అవి దొరలు పట్టుకపోయేది. పేదోళ్లకు ఇంటెనక బెత్తెడు జాగల ఆలుగడ్డ. తాత తిన్నడు, తండ్రి తిన్నడు, ఇగ గదే వాళ్ల కూడయింది. ఒక ఏడు గడ్డకు తెగులొచ్చింది. వాళ్లు గూడ గుంతలల్లనే దాసుకునేటోళ్లట వదినె. తీసి చూస్తె నల్లటి ముద్ద, గిదే కంపు. సిస్టరు చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చింది."

"దొరలేమన్నరు?" భిక్షం అడిగాడు.

"సోమరిపోతులు, బుద్ధి లేనోళ్లు అన్నరట."

జానమ్మ ఇంకా అయిపోలేదన్నట్టు చేయి ఎత్తింది. "గా ఏడు గోధుమలు మంచిగ పండినయ్. జనం తొవ్వల పొంటి పడి సస్తాంటె, వాళ్ల ముందు నుంచే గోధుమ బండ్లు ఓడల కాడికి పోయినయ్. తుపాకులు పట్టుకున్న సిపాయిల కావలి. సచ్చినోళ్లు సచ్చిన్రు, మిగిలినోళ్లు దేశం ఇడిచి ఓడలెక్కిన్రు."

ఉప్పలమ్మ మొదటిసారి మాట్లాడింది. "గా బండ్లను ఎవలు ఆపలేదా?"

"నేను గూడ గదే అడిగిన. ఆడాడ ఆపిన్రట. గని శానమందికి లేవాలనిపించేసరికి కాళ్లల్ల సత్తువ లేదట."

గోపయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అక్క ముందుకు వచ్చాడు. "అక్కా... రేపు పొద్దుగాల్ల గడి జొన్నలు ఆలేరు స్టేషనుకు పోతున్నయ్. మొదటి బండి నాదే."

ఇక వాడ ఒక్కసారిగా కదిలిపోయింది. ఒకరి మాట ఒకరికి వినపడలేదు. బండ్లు గుంజుకోవాలన్నాడు ఎల్లస్వామి. లూటీ కేసు పెట్టి వాడనే తగలబెడతారన్నాడు భిక్షం. దశరథం కూడా చావుకని వచ్చి ఉన్నాడు. "జర ఆగున్రి. పై కమిటీకి చెప్పి అప్పుడు..." అనబోతే వాడ ఆడవాళ్లలోంచి గుర్వమ్మ లేచింది. పసిపిల్లను చంకన వేసుకుని ఉంది.

"మీ కమిటీ దిగుతదానయ్యా పాతరల? దిగితె చెప్పు, ఆగుతం."

దశరథం మొహం ఎర్రబడింది.

"ఒక్క గింజ గూడ ముట్టొద్దు" అంది ఉప్పలమ్మ. గొంతు పెద్దది చేయలేదు, అయినా అందరూ ఆగారు. "ముడితె దొంగలమంటరు. మనది దోసుకునుడు గాదు. మన కూలి జొన్నలు మనకు కొలిచేదాంక బండి కదలొద్దు. గంతే. మనకింక కాళ్లున్నయ్. అయి పోకముందే పోయి తొవ్వల గూసుందాం."

"నా సంగతేందక్కా?" అన్నాడు గోపయ్య. "తోలకపోతె దొర నా చర్మం ఒలుస్తడు. తోలితె నీ మీద నుంచి తోలాలె."

"నేను చెప్పను తమ్మీ. గది నువ్వే అనుకోవాలె."

దశరథం సైకిలు తీశాడు. కమిటీ దగ్గరికి పోతున్నాడేమో అనుకున్నారంతా. "చుట్టుపక్కల ఊళ్లకు చెప్పొస్త. పొద్దుగాల్ల తొవ్వ మీద కలుస్త" అన్నాడు.

తెల్లవారి ఎండ ఇంకా చురుక్కుమనక ముందే వాడ వాడంతా ఆలేరు తోవలో కూర్చుంది. ముందు ఆడవాళ్లు, వెనక మగవాళ్లు. దినాలకని దొర పంపిన మూట ఉప్పలమ్మ నెత్తిన పెట్టుకొచ్చింది. దాన్ని దారి మధ్యలో దించి దాని పక్కన కూర్చుంది. ఎదురుగా గుట్ట మలుపు తిరిగి బండ్లు వచ్చాయి. పక్కనే మోటారు సైకిలు మీద చిన్నదొర.

"ఏందే గిది?"

"మా ఇంటాయన దినాలకు పంపిన మూట చిన్నదొరా. గిది గూడ బండి మీద ఏసుకోన్రి. మాకు దానం వద్దు, కూలి గావాలె. జొన్నలు గావాలె."

"కూలి ఇచ్చినం. పాతరేసుకుని కుళ్లబెట్టుకున్నది మీరు."

"మీరు కుళ్లుతదని తెలిసి ఇచ్చిన్రు. మాకు తెల్వక దాసుకున్నం. రెంటికి శాన తేడా ఉన్నది."

"గోపిగా, తోలురా! ఎద్దులొస్తె వాళ్లే లేస్తరు!"

గోపయ్య నొగల మీద నిలబడి అక్క వైపు చూశాడు. ఎద్దులు ఆమెకు రెండు మూరల దూరంలో బుసలు కొడుతున్నాయి. ఆమె కన్నార్పలేదు, తోలు అనలేదు, ఆగు అనలేదు. గోపయ్య కిందికి దూకాడు. కాడి పలుపులు విప్పాడు. ఎద్దుల మెడల మీద చరిచి చేల వైపు తోలేశాడు. వెనక బండి వాడు దిగాడు. ఆ వెనకవాడు కూడా దిగాడు. చూస్తుండగానే బండ్లన్నీ నొగలు నేలకు ఆనించి నిలబడ్డాయి.

చిన్నదొర తానే పోయి ఒక ఎద్దును ముక్కుతాడు పట్టి ఈడ్చుకొచ్చి కాడి మెడ మీద పెట్టబోయాడు. ఎద్దు కొమ్ము విసిరింది. అతను దుమ్ములో వెల్లకిలా పడ్డాడు. గుర్వమ్మ ముందుగా నవ్వింది, ఆ తర్వాత తోవంతా నవ్వింది. ఎన్నో తరాలు ఆ కుటుంబాన్ని చూస్తే లేచి నిలబడ్డ జనం కూర్చున్న చోటనే కూర్చుని నవ్వారు. ఉప్పలమ్మకు భయం పోయింది ఆ నవ్వుతోనే.

ఎండెక్కేసరికి చిన్నదొర కబురు మీద ఆలేరు నుంచి పోలీసు వ్యాను వచ్చింది. దాని వెనకే, రాత్రంతా ఊళ్లు తిరిగినా ఒక్కరినీ కదిలించలేక, చెమటలు కక్కుతూ దశరథం సైకిలు. సబ్ ఇన్‌స్పెక్టరు దిగీ దిగడంతోనే బండ్లు కట్టమని జవాన్లను పురమాయించాడు. మీసాలు నెరిసిన ఒక జవాను కాడి ఎత్తి, ఆడవాళ్ల వంక చూసి, దించేశాడు.

"నాకు రాదు సార్" అన్నాడు. మాట తీరు చూస్తే పొలం పని రాని మనిషిలా లేడు.

లాఠీలు లేచాయి. గోపయ్య నెత్తి పగిలింది. భిక్షానికి ఈసారి రెండో భుజం మీద పడింది, కానీ కూలబడలేదు, పక్కవాళ్ల చేతులు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. జనం ఒకరి మీద ఒకరు వాలి గుంపుగా ముడుచుకున్నారే గాని తోవ వదల్లేదు.

"ఎవరు చెప్పిన్రే మీకు బండ్లు ఆపమని?" సబ్ ఇన్‌స్పెక్టరు ఉప్పలమ్మ జుట్టు పట్టుకున్నాడు.

"ఐర్లాండోళ్లు" అంది ఉప్పలమ్మ.

"గది ఏ తాలూకా?"

"దూరం సారూ. గని మా ఊరసొంటి ఊరే."

ఉప్పలమ్మను, గోపయ్యను, దశరథాన్ని వ్యాను ఎక్కించారు. ఎల్లస్వామి తానూ ఎక్కుతానని ఉరికొచ్చాడు. తల్లి లోపల నుంచి చేయి చాపి కొడుకు తల నిమిరింది.

"నాయిన దిక్కు పోతాంటె నిన్ను పట్టుకున్న. ఇయ్యాల పట్టను కొడుకా. నేను గూసున్న జాగల పోయి గూసో. కొలిచేదాంక లేవకు."

ఎల్లస్వామి వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాడు. జానమ్మ వచ్చి అతని పక్కన కూర్చుంది. జొన్న బండ్లు ఎద్దులు లేకుండా ఎండలో అలాగే ఉండిపోయాయి.

వ్యాను కదిలాక ఉప్పలమ్మకు ఏడుపొచ్చింది. మైసయ్య పోయిన నాటి నుంచి ఆగిన ఏడుపు అంతా ఒక్కసారిగా వచ్చింది. గోపయ్య నెత్తురు కారుతున్న తలతో అక్క భుజానికి ఆనుకున్నాడు. దశరథం తల అటు తిప్పుకున్నాడు.

పక్క ఊరు తుమ్మలకుంట దగ్గర తోవకు అడ్డంగా బండి ఉండడంతో వ్యాను ఆగింది. తోవ పక్కనే, ఇంజను బావి ఉన్న ఆ ఊరి దొర కళ్లం. అక్కడా జొన్న బస్తాలు నింపుతున్నారు, అక్కడా జనం తలలు వంచుకుని మోస్తున్నారు. వ్యానులో మనుషులను చూసి ఒకరిద్దరు పని ఆపారు.

"ఏమైందే అవ్వా?" ఎవరో కేకేశారు.

ఉప్పలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడింది.

"మా ఊర్లె జొన్న బండ్లు ఆగినయ్!" అని అరిచింది. "మీ ఊరియి ఏడికి పోతున్నయ్?"

జవాను ఆమెను కిందికి గుంజాడు. డ్రైవరు హారను మీద హారను కొట్టాడు, అడ్డం ఉన్న బండి పక్కకు తొలగలేదు. కళ్లంలో ఒక ఆడమనిషి నెత్తి మీది బస్తాను కింద పడేసి తోవ వైపు నడిచింది. ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక మరికొందరు.